గడప గడపకు వెళ్లిన వైద్యము



లేవీయకాండము 13వ అధ్యాయమును మనలో చాలమంది త్వరత్వరగా దాటిపోవుదురు. మచ్చలు, పొక్కులు, తెల్లబారిన వెండ్రుకలు కుటుంబ ప్రార్థనలో చదువుకొనుటకు ఇంపైన మాటలు కావు. అయినను అక్కడ యాజకుడు చేయు పనిని ఒకసారి నిదానించి చూడుడి. మచ్చ గలవానిని అతడు చూచును. సందేహమున్నయెడల ఏడు దినములు ప్రత్యేకముగా నుంచును. ఏడవ దినమున మరల చూచి, మచ్చ వ్యాపించినదా, ఉన్నచోటనే నిలిచినదా అని పోల్చి, అప్పుడు తన మాట చెప్పును. మందు పేరు ఆ అధ్యాయమంతటిలో లేదు. చూచుట, గడువు పెట్టుట, మరల చూచుట, ఉన్నదున్నట్లు చెప్పుట, ఇంతే. వేదాంత కళాశాలలో మేము దీనిని శుద్ధి ఆచారముల క్రింద చదివితిమి. తరువాత వైద్య చరిత్ర కొంత చదివినప్పుడు నాకు తోచినదేమనగా, రోగము రాకుండ అడ్డగించు శాస్త్రమంతయు ఈ నాలుగు పనులమీదనే నిలిచియున్నది.

ఆ నాలుగు పనులను ఒక్క రోగికి గాక ఒక ప్రాంతపు జనులందరికి చేయబూనిన వారి చరిత్రను ఈ నెల వ్రాయదలచితిని. ఆ ప్రాంతము పరదేశము కాదు. పులివెందులవారు కదిరి మీదుగా పోయి చేరుకొను మదనపల్లె. అయితే కథను కొంచెము దూరమునుండి, మన పెద్దలు పెకింగు అని పిలిచిన చీనా దేశపు బీజింగు పట్టణము నుండి ఎత్తుకొనవలెను. అంత దూరము ఎందుకని అడుగుదురేమో. మన జమ్మలమడుగులో క్యాంబెల్ ఆసుపత్రిని నెలకొల్పిన లండను మిషనుకే చెందిన డాక్టరు థామస్ కాక్రేన్ దొరగారు, ఇతర మిషనులను కలుపుకొని, 1906లో పెకింగులో ఐక్య వైద్య కళాశాలను స్థాపించిరి. 1915లో అమెరికాలోని రాక్‌ఫెల్లరు ధర్మనిధివారు దానిని తీసికొని పెద్దది చేసిరి. ఒకే మిషను, ఒకే తరము, ఒకవైపు మన రేనాటి పల్లెలు, మరియొకవైపు ఆ మహా పట్టణము. కనుక ఆ కథ మనకు బొత్తిగా పరాయిది కాదు.

ఆ కళాశాలకు 1921లో జాన్ గ్రాంట్ అను వైద్యుడు వచ్చెను. ఆయన 1890లో చీనాలోని నింగ్‌పో పట్టణమున ఒక బాప్టిస్టు మిషనెరీ వైద్యుని కుమారుడుగా పుట్టినవాడు. చీనాలో పుట్టి పెరిగినవాడు గనుక ఆసుపత్రి గోడలకు వెలుపల జనులు ఎట్లు చచ్చుచున్నారో ఆయనకు తెలియును. వైద్య విద్యార్థులు మంచముమీద పడినవారినే చూచి నేర్చుకొనుట ఆయనకు చాలినదిగా తోచలేదు. 1925లో పట్టణపు పోలీసుశాఖ సహాయముతో పెకింగులోని ఒక వార్డును తీసికొని అక్కడ ఆరోగ్య స్థానమును తెరచెను. విద్యార్థులను వీధిలోనికి పంపెను. ఈ వార్డులో ఎవరు పుట్టిరి? ఎవరు చనిపోయిరి? ఏ వ్యాధిచేత? మొదటి ప్రశ్నలు ఇవే. మనకు ఇవి చిన్న ప్రశ్నలుగా కనబడవచ్చును. ఒక పట్టణములో సంవత్సరమునకు ఎందరు బిడ్డలు చనిపోవుచున్నారో తెలియనిచోట, వారిని కాపాడితిమని ఎవరైనను ఎట్లు చెప్పగలరు? సంఘ కాపరులమైన మా చేతిలోని బాప్తిస్మపు పుస్తకము, సమాధుల పుస్తకము కూడ ఇట్టి లెక్కలే. వాటిని శ్రద్ధగా వ్రాయని కాపరులు నాకు తెలిసినంతలో కొందరున్నారు.

లెక్క వ్రాయగానే పని దానంతట అదే కనబడును. అప్పుడే పుట్టిన శిశువులు ధనుర్వాతముచేత చనిపోవుచుండిరి. బొడ్డు కోయు పనిముట్టు శుభ్రముగా లేకపోవుటయే దానికి కారణము. ఈ మరణములను ఆపుటకై డాక్టరు యాంగ్ చోంగ్‌రుయి అను చీనా స్త్రీ పూనుకొని, పాత మంత్రసానులకు శుభ్రత నేర్పించి, 1929లో పెకింగులో ప్రసూతి విద్యాలయమును ఆరంభించెను. 1932 నుండి చెన్ చీచియెన్ అను వైద్యుడు టింగ్‌సియన్ అను పల్లెసీమలో గ్రామస్థులకే టీకాలు వేయుట, జనన మరణములు వ్రాయుట నేర్పెను. గ్రాంటుగారు 1939లో కలకత్తాలోని అఖిల భారత పరిశుభ్రతా ప్రజారోగ్య సంస్థకు డైరెక్టరుగా వచ్చి, 1943లో ఏర్పడిన భోర్ కమిటీలో సభ్యుడాయెను. ఆ కమిటీ 1946లో ఇచ్చిన నివేదికనుండియే మన మండలములలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల తలంపు వచ్చినది. మదనపల్లెవారు పెకింగును చూచి నేర్చుకొనిరని నేను అనుట లేదు. ఒకే కాలములో ఒకే తలంపు లోకమంతట తిరుగుచుండెను. రోగి వచ్చువరకు కాచుకొని కూర్చుండరాదు, గడపకు వెళ్లవలెను అనునదే ఆ తలంపు.

ఇక మదనపల్లెకు వత్తము. క్షయరోగమునకు మూలమైన క్రిమిని జర్మనీలో రాబర్టు కోఖ్ 1882లో కనుగొని ప్రకటించెను. క్రిమి తెలిసినను మందు లేదు. మంచి గాలి, విశ్రాంతి, పాలు, గుడ్లు, ధైర్యము, ఇవే చికిత్స. ఇందు కొరకు దక్షిణ దేశములో పనిచేయు అనేక మిషనులు ఏకమై 1912లో ఐక్య మిషను క్షయ చికిత్సాలయమును ఏర్పరచెను. మదనపల్లెకు చేరువనున్న కొండ నేలమీద అది 1915లో రోగులను చేర్చుకొనసాగెను. ఆ స్థలమునకు ఆరోగ్యవరము అని పేరు వచ్చినది. డేనిష్ మిషనువారైన డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దొరగారు దానికి మొదటి అధికారి. వారి తరువాత డాక్టరు పి. వి. బెంజమిన్‌గారు బాధ్యత వహించి, పిమ్మట భారత ప్రభుత్వమునకు క్షయరోగ విషయమున సలహాదారులైరి.

ఆరోగ్యవరము పేరు వినని తెలుగు సంఘము ఆ దినములలో లేదనవచ్చును. ఎన్నో కుటుంబములు నగలు కుదువబెట్టి అక్కడికి మనిషిని పంపినవి. కాని ఎంత మంచి ఆసుపత్రి అయినను దానికి ఇన్ని పడకలని ఒక హద్దు ఉండును గదా. ఒక రోగి నెమ్మది పొంది ఇంటికి పోవుసరికి ఆ యింట ఇంకొకరికి దగ్గు పట్టియుండును. వరండాలో మంచములు పెంచుకొనుచు పోయినంతమాత్రమున ఊళ్లలోని రోగము తరుగదు. ఇది అక్కడి వైద్యులకు అందరికంటె ముందుగా అర్థమైనదనుకొందును. ఏలయనగా ప్రతి ఉదయము గేటువద్ద నిలిచినవారిని చూచుచుండినది వారే.

ఈలోగా పరాసు దేశములో కాల్మెట్, గెరాన్ అను ఇద్దరు ఆవులకు వచ్చు క్షయక్రిమిని 1908 మొదలు 13 సంవత్సరములు, 230 పర్యాయములు, ఒక పాత్రనుండి మరియొక పాత్రకు మార్చి పెంచుచు దాని విషమును పోగొట్టిరి. దానినే 1921లో మొదటిసారి శిశువునకు టీకాగా ఇచ్చిరి. బి.సి.జి. అనగా ఇదియే. 1930లో జర్మనీలోని లూబెక్ పట్టణమున ఈ టీకాలో నిజమైన క్షయక్రిములు కలిసిపోయి 70 మందికి పైగా పసిబిడ్డలు చనిపోయిరి. తప్పు టీకాది కాదు, దానిని తయారుచేసిన చోట జరిగిన అజాగ్రత్తది. అయినను తల్లిదండ్రుల గుండెల్లో పడిన భయము అంత త్వరగా పోవునా?

మన దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన మరుసటి యేడు, 1948లో, ప్రభుత్వమువారు బి.సి.జి.ని మొదలిడ నిశ్చయించిరి. మదరాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూటులో టీకా తయారీ ఏర్పాటాయెను. దేశములో మొట్టమొదట టీకాలు వేసిన స్థలములలో మదనపల్లె ఒకటి. త్వరలోనే డెన్మార్కు, నార్వే, స్వీడను దేశములవారి సహాయముతో, తరువాత ఐక్యరాజ్యసమితి బాలల నిధి తోడ్పాటుతో టీకా పని దేశమంతట వ్యాపించినది. ఎదురుమాటలును వచ్చెను. మదరాసు ముఖ్యమంత్రి పదవినుండి దిగిన మరుసటి యేడు, 1955లో, రాజగోపాలాచారిగారు ఈ టీకాను ఖండించుచు వ్రాసిరి. ఆరోగ్యముగా నున్న బిడ్డలకు మూకుమ్మడిగా దీనిని వేయుట తగదని, దాని మేలు రుజువు కాలేదని వారి వాదన. ఆయనను మూఢుడని కొట్టివేసినవారు ఉన్నారు. నేను అట్లు అనను. బిడ్డకు జబ్బు లేనప్పుడు సూది ఎందుకు, దాని మేలు చూపుడి అని అడుగుట పెద్దమనిషి అడుగవలసిన ప్రశ్నయే. దానికి తగిన జవాబు కోపము కాదు, లెక్క. ఆ లెక్కను అప్పటికే మదనపల్లెవారు వేయుచుండిరి.

1950 మొదలు 1955 వరకు మొదటి అధికారి కుమారుడైన డాక్టరు యోహానెస్ ఫ్రిమోట్ మోలర్‌గారి నడిపింపున, మదనపల్లె పట్టణమును దాని చుట్టుపట్ల పల్లెలను కలిపి సుమారు 60,000 మంది జనుల మధ్య ఒక పరిశోధన జరిగినది. రోగులను మాత్రమే కాదు, అందరిని చూడవలెనని వారి సంకల్పము. ఇల్లిల్లు తిరిగి మనుష్యుల పేర్లు, వయస్సు వ్రాసికొనవలెను. క్షయక్రిమినుండి తీసిన సారమును ముంజేతి చర్మములోనికి కొద్దిగా ఎక్కించవలెను. మూడవ దినమున మరల వచ్చి వాపును కొలువవలెను. వాపు గలవారికి రోగమున్నదని కాదు, ఎప్పుడో ఒకప్పుడు క్రిమి దేహములో ప్రవేశించినదని గుర్తు. పిమ్మట రొమ్మునకు చిన్న ఎక్స్‌రే పటము తీయవలెను. బ్రెజిలు దేశపు వైద్యుడు అబ్రెయు 1936లో ఈ చిన్న పటముల పద్ధతిని కనుగొనుటచేతనే వేలమందికి తక్కువ వెలతో తీయుట సాధ్యమాయెను. పటములో అనుమానము తోచినవారి తెమడను సూక్ష్మదర్శినితో పరీక్షింపవలెను. ఇదంతయు అయిన తరువాత కొంతకాలమునకు మరల మొదటి గడపనుండి ఆరంభింపవలెను.

ఇది ఎంత పనియో తెలియవలెనన్న మన ఊరిలో జరిగినట్లు ఊహించుకొనుడి. వేరుసెనగ వేయు పదునులో బండి వచ్చి నిలుచును. మగవారు చేలలో నుందురు. కొత్తగా వచ్చిన కోడలు తలుపు చాటునుండి బయటికి రాదు. అవ్వ తన వయస్సు చెప్పలేదు, ధాత కరువుకు నాకు నడక వచ్చినది అనును. నాకేమి రోగమని నా యెదను చూతురు అని ఒకరు తగవులాడుదురు. తన పేరు వ్రాసికొని పోయి పన్ను వేయుదురేమో అని ఇంకొకరికి అనుమానము. ఇవన్నియు దాటి, మూడవనాడు అదే మనుష్యుడు అదే గడపలో దొరకవలెను. చిలమకూరులో రేనాటి చోళుల కాలపు తెలుగు శాసనము ఉన్న సంగతి మనకు తెలియును. రాజులు దానమిచ్చినప్పుడు రాతిమీద చెక్కించిరి. మదనపల్లె పల్లెవారు తమ చేతులను, రొమ్ములను, పనివేళలను ఇచ్చిరి. వారి పేర్లు ఏ రాతిమీదను లేవు.

బి.సి.జి. సంగతి తేల్చుటకు చేసినది దీనికంటెను కష్టమైన పని. సారము ఎక్కించినప్పుడు వాపు రానివారిని, అనగా క్రిమి ఇంకను సోకనివారిని, 10,877 మందిని ఎంచిరి. వారిని ఒకటి విడిచి ఒకటి అను క్రమమున రెండు వంతులు చేసిరి. 5,069 మందికి టీకా వేసిరి, 5,808 మందికి వేయలేదు. పిమ్మట సంవత్సరముల తరబడి ఇరువురిని ఒకే రీతిగా చూచుచుండిరి. టీకా లేనివారిని అన్యాయము చేసిరి కదా అని ఒక సంఘపెద్ద నన్ను అడిగెను. టీకా మేలు చేయునని నిశ్చయముగా తెలిసియుండినయెడల అది అన్యాయమే. తెలియకనే కదా చూచుచున్నారు. తెలియనిదానిని తెలిసినట్లు నటించి లక్షలమందికి పొడుచుటకంటె, పదివేలమంది మధ్య దానిని నెమ్మదిగా పరీక్షించుటయే దయగల పని అని నేను జవాబిచ్చితిని. ఆయన పూర్తిగా ఒప్పుకొనలేదు. ఆ అభ్యంతరమును నేనును తేలికగా తీసికొనను. ఎందుకనగా ఆ 5,808 మందికి ముఖములున్నవి.

ఫలితములను 1964లోను, మరల 1973లోను ప్రకటించిరి. మొదటి సంవత్సరములలో టీకా వేసికొన్నవారియందు రోగము బాగుగా తక్కువగా కనబడెను. కాలము గడచినకొలది ఆ తేడా కరగిపోయెను. 1973 నాటి లెక్క ప్రకారము టీకా పొందిన 5,069 మందిలో 33 మందికి, పొందని 5,808 మందిలో 47 మందికి క్షయ వచ్చినది. వేయిమందికి లెక్క కట్టినయెడల ఒకవైపు ఆరున్నర, మరియొకవైపు ఎనిమిది. ఐదవ వంతు మాత్రమే మేలు. అదే కాలములో ఇంగ్లండులో బడి విడుచు వయస్సు పిల్లల మధ్య జరిగిన పరిశోధనలో టీకా పొందిన 13,598 మందిలో 62 మందికి, పొందని 12,867 మందిలో 248 మందికి రోగము వచ్చెను. అక్కడ ఇంచుమించు నాలుగింట మూడు వంతుల రక్షణ. టీకా ఒకటే, నేల వేరు. మన వేడి దేశపు మట్టిలోను నీటిలోను క్షయక్రిమికి జ్ఞాతులైన నిరపాయపు క్రిములు విస్తారముగా నుండి, టీకా చేయవలసిన పనిని ముందే కొంత చేసియుండుటచేత ఈ తేడా వచ్చియుండవచ్చునని పలువురు శాస్త్రజ్ఞుల అభిప్రాయము.

ఇక్కడ ఒక్క సంగతి ఆగి చూడవలెను. ఈ దేశమున బి.సి.జి.ని మొదట చేతపట్టినవారిలో ఆరోగ్యవరమువారు ఒకరు. వారి పూర్వాధికారియైన బెంజమిన్‌గారు ప్రభుత్వమున ఆ టీకా పనికి పెద్ద దిక్కు. అట్టివారు తాము ఆశించిన సంఖ్య రానప్పుడు వచ్చిన సంఖ్యనే అచ్చువేసిరి. మచ్చ వ్యాపించినదో నిలిచినదో ఉన్నదున్నట్లు చెప్పవలసిన యాజకుని పని ఇదియే. మొత్తము 80 మంది రోగులు. వారి పేర్లు ఎవరికిని తెలియవు. కాని నేటికిని ప్రపంచములో బి.సి.జి. మేలును తూచువారు వేయు పట్టికలలో ఆ 33, ఆ 47 ఒక వరుసగా నిలిచియున్నవి.

ఆ ఫలితమును నమ్మలేక గాని, నమ్ముటకు ఇంకను పెద్ద సాక్ష్యము కావలెనని గాని అనుకొన్నవారికి చెంగల్పట్టు జిల్లాలో 1968లో ఆరంభమైన మహా పరిశోధన జవాబిచ్చెను. అక్కడ క్రిమి సోకనివారిని రెండు వంతులుగా లెక్కించిరి. ఒక్కొక్క వంతున 88,391 మంది. టీకా పొందినవారిలో 505 మందికి, పొందనివారిలో 499 మందికి రోగము వచ్చెను. పెద్దలకు వచ్చు ఊపిరితిత్తుల క్షయను ఆ టీకా అక్కడ ఆపలేదు. అట్లని అది వ్యర్థము కాదు. పసిబిడ్డలకు మెదడు పొరలకు పట్టు క్షయనుండి, దేహమంతట ప్రాకు క్షయనుండి అది కాపాడును గనుక నేటికిని పుట్టిన బిడ్డకు దానిని వేయుచున్నారు, వేయించుటయే మంచిది. బిడ్డకు చిన్నప్పుడు టీకా పడినది గనుక ఇక వానికి క్షయ రాదు అని చెప్పుకొనుట మాత్రము సరికాదు.

మదనపల్లె పేరు ఇంకొక లెక్కలోను వచ్చును. 1955 నుండి 1958 వరకు భారత వైద్య పరిశోధనా మండలివారు దేశములో క్షయ ఎంత యున్నదో కొలిచిరి. అందుకు ఎంచుకొన్న కేంద్రములు ఆరు. కలకత్తా, ఢిల్లీ, హైదరాబాదు, పాట్నా, తిరువనంతపురము, వాటి సరసన మన మదనపల్లె. అప్పటివరకు ఇది పట్టణపు రోగమని, మిల్లుల పొగలో ఇరుకు గదులలో పుట్టునదని అందరును తలచుచుండిరి. పల్లెకు పోయి మంచి గాలి పీల్చుము అని వైద్యులు సలహా ఇచ్చుచుండిరి. లెక్క తేలినప్పుడు కనబడినది వేరు. పల్లెలోను పట్నములోను రోగము ఇంచుమించు సమానము. ఎక్స్‌రేలో రోగము కనబడినవారు వేయికి 13 నుండి 25 మంది, తెమడలో క్రిమి గలవారు వేయికి 2 నుండి 8 మంది. దేశములో ఎక్కువమంది పల్లెవారే గనుక రోగులలోను ఎక్కువమంది పల్లెలలోనే యుండిరి. వారి చేరువ మాత్రము ఏ చికిత్సాలయమును లేదు.

మందులు ఈలోగా వచ్చినవి. 1940ల నడుమ స్ట్రెప్టోమైసిన్, 1952లో ఐసోనియాజిడ్. 1956లో మదరాసులో ఒక కేంద్రము తెరచి, ఆ నగరపు బీద రోగులను 193 మందిని రెండు వంతులు చేసి, కొందరిని చికిత్సాలయమున పడుకొనబెట్టిరి, కొందరికి ఇంటనే మాత్రలు ఇచ్చిరి. ఇరుకు ఇల్లు, చాలీచాలని తిండి, పనిపాటలు, ఇవన్నియు ఉన్నను ఇంటనున్నవారు పడకమీదనున్నవారికి ఇంచుమించు సమానముగా బాగుపడిరి. ఇంటివారికి రోగము ఎక్కువగా అంటను లేదు. 1959లో ఇది అచ్చయినప్పుడు లోకమంతట వైద్యులు ఆశ్చర్యపడిరి. గాలికొరకు, పాలకొరకు, విశ్రాంతికొరకు కట్టిన చికిత్సాలయములకు ఆ నాటినుండి కాలము మారినది. ఆరోగ్యవరమును తరువాత అన్ని రోగములను చూచు ఆసుపత్రిగా మారెను.

ఇక మన పొరుగు జిల్లా సంగతి. బెంగుళూరులో 1959లో స్థాపించిన జాతీయ క్షయ సంస్థవారు జిల్లా అంతటికి సరిపడు ఒక ఏర్పాటును తలపెట్టి, దానిని 1961లో మన అనంతపురము జిల్లాలో పరీక్షించి చూచిరి. మరుసటి యేడు అది జాతీయ కార్యక్రమమాయెను. ఆ సంస్థవారే తుమకూరు జిల్లా పల్లెలలో ఇంకొక ప్రశ్న అడిగి, జవాబును 1963లో ప్రకటించిరి. ఎక్స్‌రేతో వెదకి పట్టుకొన్న రోగుల యొద్దకు పోయి, నీకు దగ్గు ఉన్నట్టు నీకు తెలియునా, తెలిసి ఏమి చేసితివి అని అడిగిరి. పల్లెవారు మొద్దులు, జబ్బు ముదురువరకు పట్టించుకొనరు అని చదువుకొన్నవారి అభిప్రాయము. తేలినదేమి? తెమడలో క్రిమి గలవారిలో ఎక్కువమందికి తమ దేహములో ఏదో చెడినదని తెలియును. ఇంచుమించు సగముమంది అప్పటికే ఆసుపత్రికి నడచిపోయి, దగ్గు మందు సీసా పట్టుకొని తిరిగి వచ్చియుండిరి. వారి తెమడను ఎవరును చూడలేదు.

ఈ సంగతి చదివినప్పుడు నేను చాలసేపు పుస్తకము మూసి కూర్చుంటిని. పదిహేనేండ్లపాటు గడప గడపకు వెదకుచు పోయినవారికి చివరకు తెలిసినది, వెదకబడుచున్న మనుష్యుడు ముందే తలుపు తట్టియుండెనని. అయితే గడప గడపకు పోకపోయినయెడల ఆ సంగతియు తెలిసియుండదు. ఆ తరువాతనే ఊరి చేరువ ఆరోగ్య కేంద్రములో సూక్ష్మదర్శిని పెట్టి, దగ్గుతో వచ్చిన ప్రతివాని తెమడను చూడవలెనను నియమము ఏర్పడినది.

చూడకున్న ఏమగునో కూడ లెక్కయున్నది. బెంగుళూరు చుట్టుపట్ల పల్లెలలో 1961 నుండి 1968 వరకు జరిగిన పరిశీలనలో, తెమడలో క్రిమి కనబడినవారిని ఐదేండ్ల తరువాత చూడగా సగముమంది చనిపోయియుండిరి. మూడింట ఒక వంతు వారు తమంతట తామే బాగుపడిరి. తక్కినవారు బ్రదికియుండి, దగ్గుచు, ఇంకను ఇతరులకు క్రిమిని పంచుచుండిరి.

ప్రపంచములో క్షయరోగులు అందరికంటె ఎక్కువగా నున్న దేశము నేటికిని మనదే. మన ఇండ్లలో దానికి వేరు పేర్లు పెట్టుట ఇంకను మానలేదు. పరామర్శకు పోయినప్పుడు ఉబ్బసము అందురు, చలి పట్టినది అందురు, గనిలో దుమ్ము అందురు. పెండ్లి కావలసిన పిల్ల ఇంట నున్నయెడల మాత్రల పొట్లము గూటిలోనుండి పెట్టెలోనికి పోవును. ఆ భయము పూర్తిగా అకారణము కాదు. సంబంధము తప్పిపోయిన ఇండ్లు ఉన్నవి, పక్కన కూర్చుండుటకు జంకిన విశ్వాసులును ఉన్నారు. కాని సరియైన మాత్రలు మొదలుపెట్టిన కొన్ని వారములకే చాలమంది ఇతరులకు అంటించు స్థితిని దాటుదురు. పొరుగువారికి అపాయము, మాత్రలు మ్రింగుచున్నవాని వలన కంటె, ఇంకను పేరు పెట్టని దగ్గు వలన ఎక్కువ.

రెండు వారములు దాటిన దగ్గుకు తెమడ పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితము. సాధారణ క్షయకు మాత్రలు ఆరు నెలలు, అవియు ఉచితమే. చికిత్స పొందుచున్నంతకాలము మంచి తిండి కొరకు నెలకు 500 రూపాయలు ఇచ్చు ఏర్పాటు 2018లో వచ్చి, 2024 నవంబరు నుండి 1,000 రూపాయలైనది. దీనికై రోగి పేరు వ్రాయించుకొనవలెను. ఆ పేరు వ్రాయించుటకు తోడుగా ఎవరైనను రమ్మని అడిగినయెడల, సంఘ కాపరియైనను పెద్దయైనను, ఆ దినము ఇతర పనులు మానుకొని పోవచ్చును.